కట్టు కట్టకండి, కాలు కదపనివ్వకండి: పాముకాటు, తేలుకాటు వైద్యం సంగతులు

వరి నాట్లు మొదలయ్యాయంటే దివిసీమ నుంచి గోదావరి లంకల దాకా, ఇటు తెలంగాణలో పత్తి చేలల్లోనూ పాముకాటు కేసులు పెరుగుతాయి. వానకు బొరియల్లో నీళ్లు నిండి పాములు బయటికొస్తాయి. కప్పల కోసం మడుల్లోకి, ఎలుకల కోసం గడ్డివాముల్లోకి, కొట్టాల్లోకి, ఇళ్లల్లోకి చేరతాయి. 2000 నుంచి 2019 దాకా దేశంలో సుమారు 12 లక్షల మంది పాముకాటుతో చనిపోయారని అంచనా. అంటే ఏడాదికి సగటున 58 వేలమంది. 2001–2014 మధ్య జరిగిన మరణాల్లో 70 శాతం దాకా ఎనిమిది రాష్ట్రాల్లోనే జరిగాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ వాటిలో ఒకటి. చనిపోయినవాళ్లలో ఎక్కువమంది ఆసుపత్రి గడప తొక్కనే లేదు. మందు ఉంది, అది పనిచేస్తుంది కూడా. మనిషి ఆ మందు దగ్గరికి ఆలస్యంగా చేరుతున్నాడు, లేదా అసలు చేరడం లేదు.

ఎందుకు చేరడం లేదో ముందు చూద్దాం. మన దగ్గర కరిచే పాముల్లో 70 శాతం వరకు జెర్రిపోతు, నీరుకట్టె లాంటి విషం లేనివే. నిజంగా విషపాము కరిచినా, దాదాపు సగం సార్లు విషం ఒంట్లోకి దిగదు. అంటే పాము కరిచిన పదిమందిలో ఎనిమిదిమందికి ఏ వైద్యం చేయకపోయినా ఏమీ కాదు. పసరు పోసినా, పాము రాయి అంటించినా, కోడిపిల్లను గాయానికి ఆనించినా, మంత్రం వేసినా ఆ ఎనిమిదిమంది లేచి నడుచుకుంటూ ఇంటికెళ్తారు. మంత్రగాడికి పేరు తెచ్చేది వాళ్లే. మిగిలిన ఇద్దరి విషయంలో మాత్రం మంత్రగాడి దగ్గర పోయిన రెండు గంటలే ప్రాణం ఖరీదు. మిరపకాయ నమిలించి కారం తెలుస్తుందా, వేపాకు నమిలించి చేదు తెలుస్తుందా అని చూడటం కూడా ఇలాంటిదే. విషం ఎక్కిన మనిషికి కూడా నాలుకకు రుచి తెలుస్తుంది. పైగా మింగే శక్తి తగ్గుతున్న మనిషి నోట్లో ఏం పెట్టినా అది ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. నీళ్లు, కాఫీ, సారా, ఏదీ ఇవ్వకండి.

మన ప్రాంతంలో ప్రాణం తీసేవి ముఖ్యంగా నాలుగు: నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, ఒళ్లు రాసుకుంటూ రంపం కోసినట్టు చప్పుడు చేసే చిన్న పింజరి. మొదటి రెండింటి విషం నరాలకు, కండరాలకు మధ్య సంబంధాన్ని తెంచేస్తుంది. చివరికి ఊపిరి ఆగుతుంది. పింజరుల విషం రక్తాన్ని గడ్డకట్టనివ్వదు. రక్తపింజరి విషం మూత్రపిండాలను కూడా దెబ్బతీస్తుంది. నాగుపాము, పింజరులు కరిచిన చోట వాపు, నొప్పి, కండ కుళ్లడం ఉంటాయి. కట్లపాముకు ఇవేవీ ఉండవు. దాని సంగతి విడిగా చెప్పాలి.

కరిచిన వెంటనే చేయాల్సింది

మనిషిని పరిగెత్తనివ్వకండి, నడవనివ్వకండి. ఉన్నచోటే కూర్చోబెట్టండి లేదా పడుకోబెట్టండి. విషంలో ఎక్కువ భాగం రక్తనాళాల్లో కాకుండా చర్మం కింది శోషరస నాళాల్లో ప్రయాణిస్తుంది. ఆ నాళాలకు గుండె లాంటి పంపు లేదు. కండరం బిగిసి వదిలినప్పుడే అందులోని ద్రవం ముందుకు కదులుతుంది. పొలం నుంచి ఇంటికి అర కిలోమీటరు నడిచిన మనిషి తన కాలితోనే విషాన్ని పైకి తోసుకుంటాడు. అందుకే కాలిని ఎముక విరిగినప్పుడు కట్టినట్టు కట్టాలి. ఒక చెక్కబద్ద గానీ, వెదురు బద్ద గానీ, గట్టి అట్ట గానీ పక్కన పెట్టి, మోకాలు, చీలమండ రెండూ కదలకుండా తువ్వాలుతోనో చీర పీలికలతోనో వదులుగా కట్టండి. కట్టు కింద వేలు సులువుగా దూరాలి. చేతిని కరిస్తే మెడ నుంచి జోలెలా వేలాడదీయండి. ఉంగరాలు, గాజులు, మెట్టెలు, పట్టీలు, మొలతాడు, వాచీ వాపు రాకముందే తీసేయండి. ఒకసారి వాచాక ఉంగరమే వేలికి ఉరితాడవుతుంది.

ఇక బిగించి కట్టడం గురించి. కొబ్బరితాడు, సైకిల్ ట్యూబు, కండువా, ఏది కట్టినా అది విషాన్ని ఆపదు, రక్తాన్ని మాత్రం ఆపుతుంది. పింజరి విషం కండను కుళ్లబెట్టేది. దాన్ని ఒకేచోట బంధించి, పైగా ఆ చోటికి రక్తం అందకుండా చేస్తే కాలు తీసేయాల్సిన పరిస్థితి వస్తుంది. కట్టు విప్పిన క్షణంలో అక్కడ నిలిచిన విషమంతా ఒక్కసారిగా ఒంట్లోకి పారి, అప్పటిదాకా బాగా మాట్లాడుతున్న మనిషికి ఊపిరి ఆగవచ్చు. కాబట్టి గట్టిగా కట్టి చాలాసేపయి ఉంటే దారిలో విప్పకండి. ఆసుపత్రిలో సెలైన్ పెట్టి, విరుగుడు మందు, ఊపిరి అందించే సామాను సిద్ధంగా పెట్టుకున్నాక డాక్టరే దాన్ని మెల్లగా వదులు చేయాలి. బ్లేడుతో కోయడం పింజరి కాటులో మరీ ప్రమాదం. గడ్డకట్టని రక్తం కారుతూనే ఉంటుంది. నోటితో పీల్చడం, ఐసు పెట్టడం, కాల్చడం, గాయాన్ని గట్టిగా రుద్ది కడగడం కూడా వద్దు.

108కి ఫోన్ చేయండి. బండి రావడానికి ఆలస్యమయ్యే ఊరైతే మోటార్ సైకిల్ మీదే బయల్దేరండి. నడిపే మనిషి ముందు, కరిచిన మనిషి మధ్యలో, పట్టుకునే మనిషి వెనక కూర్చోవాలి. రెప్పలు వాలుతున్నప్పుడు వెనక పట్టుకునే చేతులు లేకపోతే మనిషి జారి పడిపోతాడు. వాంతులవుతుంటే, నోట్లో చొంగ కారుతుంటే ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టి తీసుకెళ్లాలి, వెల్లకిలా వద్దు. బాల్‌పెన్నుతో వాపు ఎక్కడిదాకా వచ్చిందో గీత గీసి, పక్కన టైమ్ రాయండి. అరగంటకోసారి కొత్త గీత గీయండి. డాక్టరుకు ఆ గీతలు చాలా చెబుతాయి.

పామును చంపడానికి వెళ్లకండి. రెండో మనిషిని కరిపించుకోవడం అందులో మామూలే. తెగిన తల కూడా కొంతసేపు కరవగలదు. దూరం నుంచి ఫోన్‌తో ఫొటో దొరికితే మంచిది, లేకపోతే పోయిందేమీ లేదు. లక్షణాలను బట్టే వైద్యం జరుగుతుంది. పల్లెల్లో రాత్రిపూట పాము పేరు ఎత్తకుండా ‘పురుగు ముట్టింది’ అంటారు. ఇంట్లో ఎలా అన్నా ఆసుపత్రిలో మాత్రం ‘పాము కరిచింది, ఫలానా టైముకు’ అని తేటగా చెప్పండి.

దారిలో ఆర్‌ఎంపీ దగ్గర ఆగి నొప్పి సూది వేయించుకోవడం చాలాచోట్ల అలవాటు. పింజరి కాటైతే పిరుదులో వేసిన సూది చోట రక్తం లోపలే గూడుకట్టి పెద్ద గడ్డ అవుతుంది. డైక్లోఫెనాక్, ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ రక్తస్రావాన్ని పెంచుతాయి. నొప్పికి పారాసిటమాల్ చాలు, అదీ బాగా మింగగలిగే మనిషికే. టీటీ ఇంజెక్షన్‌కు తొందర లేదు. రక్తం మామూలుగా గడ్డకడుతోందని తేలాకే వేయాలి.

కట్లపాము

ఇది నల్లగా నిగనిగలాడుతుంది. ఒంటి మీది సన్నని తెల్ల కట్లు మెడ దగ్గర కనబడీ కనబడనట్టు ఉండి తోక వైపు స్పష్టమవుతాయి. దీన్ని పోలిన విషం లేని పాముకు కట్లు మెడ దగ్గరే మొదలై తోక వైపు మాసిపోతాయి. కట్లపాము పగలు ముడుచుకుని పడి ఉంటుంది. రాత్రి మాత్రం ఎలుకలు, బల్లులు, వేరే పాముల కోసం ఇళ్లలోకి వస్తుంది. నేల మీద పడుకున్న మనిషి నిద్రలో పక్కకు దొర్లినప్పుడు కరుస్తుంది. కోరలు చాలా చిన్నవి. దోమ కుట్టినంత నొప్పి కూడా ఉండకపోవచ్చు. వాపు ఉండదు. భూతద్దంతో వెతికినా గాటు కనబడని సందర్భాలున్నాయి.

తెల్లవారుజామున ఆ మనిషి కడుపు మెలిపెడుతోందని లేస్తాడు. ఒకటి రెండు వాంతులు. గొంతులో ఏదో అడ్డం పడ్డట్టుంటుంది. ఇంట్లోవాళ్లు గ్యాస్ అనుకుని సోడా తాగిస్తారు, ఈనో ఇస్తారు, కాసేపు పడుకోమంటారు. ఆ పడుకోవడమే ప్రాణం తీస్తుంది. వానాకాలంలో నేల మీద పడుకుని లేచిన మనిషికి, పిల్లలకైతే మరీనూ, కడుపునొప్పితో పాటు కళ్లు మత్తుగా వాలుతుంటే కాటు కనబడకపోయినా అది కట్లపాము కాటే అనుకుని బయల్దేరండి.

ఇంట్లోనే ఒక నిమిషంలో చూడగలిగే పరీక్షలున్నాయి. తల కదపకుండా పైకి చూస్తూ ఉండమనండి, రెప్పలు మెల్లగా దిగిపోతాయా చూడండి. ఒకటి రెండుగా కనిపిస్తోందా అని అడగండి. నాలుక పూర్తిగా చాపమనండి. వెల్లకిలా పడుకుని దిండు మీంచి తల ఎత్తమనండి. గట్టిగా ఊపిరి పీల్చి, ఆ ఒక్క ఊపిరిలో ఒకటి, రెండు, మూడు అని ఎంతవరకు లెక్కపెట్టగలడో చూసి కాగితం మీద రాయండి. మొదట 30 దాకా లెక్కపెట్టిన మనిషి అరగంట తర్వాత 15 దగ్గర ఆగిపోతున్నాడంటే ఊపిరి కండరాలు లొంగిపోతున్నట్టే. విషం రెప్పలతో మొదలై గొంతు, మెడ మీదుగా ఛాతీకి దిగుతుంది.

నాగుపాము విషం కండరం వైపున ఉండే తాళం రంధ్రంలో వేరే తాళంచెవి దూర్చినట్టు కూర్చుంటుంది. దాన్ని పక్కకు తోయవచ్చు. అందుకే ఆసుపత్రిలో నియోస్టిగ్మిన్ అనే మందు 1.5 మిల్లీగ్రాములు, దానికి ముందు అట్రోపిన్ అనే మందు 0.6 మిల్లీగ్రాములు ఇస్తే చాలామందికి అరగంటలో రెప్పలు లేస్తాయి. కట్లపాము విషం నరం చివరనే పాడుచేస్తుంది. ఆ నరం చివర మళ్లీ మొలవాలి, అందుకు రోజులు పడుతుంది. విరుగుడు మందు ఒంట్లో ఇంకా తిరుగుతున్న విషాన్ని పట్టుకుంటుంది గానీ, జరిగిపోయిన నష్టాన్ని వెనక్కి తేలేదు. ఆ రోజులన్నీ మనిషిని బతికించేది వెంటిలేటరే. వెంటిలేటర్ లేని చోట నుంచి పంపేటప్పుడు అంబు బ్యాగ్ నొక్కుతూ ఊపిరి ఇచ్చే మనిషి అంబులెన్సులో పక్కన ఉండాలి. ఈ ఒక్క ఏర్పాటు లేక దారిలో పోయే ప్రాణాలు తలుచుకుంటే కడుపు తరుక్కుపోతుంది.

ఇంకో మాట. కట్లపాము కాటులో కంటిపాపలు పెద్దవై వెలుగుకు స్పందించకుండా ఉండిపోవచ్చు, వేలు కూడా కదలదు. చూసేవాళ్లకు మెదడు చనిపోయినట్టే అనిపిస్తుంది. ఆ మనిషికి మాత్రం మాటలన్నీ వినబడుతూ ఉండవచ్చు. ‘ఇక లాభం లేదు, తీసుకెళ్లిపోండి’ అనే మాటకు అక్కడ తావు లేదు. వారం పాటు వెంటిలేటర్ మీద ఉండి లేచి నడిచి ఇంటికెళ్లినవాళ్లున్నారు.

రక్తపింజరి, గాజు గొట్టం

రక్తపింజరి కుక్కర్ విజిల్‌లా గట్టిగా బుసకొడుతుంది. కొండచిలువ పిల్ల అనుకుని పట్టుకోబోయి కరిపించుకున్నవాళ్లు ఉన్నారు. కాటు చోట విపరీతమైన నొప్పి, గంటగంటకూ పైకి పాకే వాపు, చిగుళ్ల నుంచి, మూత్రంలో రక్తం ఉంటాయి. రక్తం గడ్డకడుతోందో లేదో తెలుసుకోవడానికి ఖరీదైన లాబ్ అక్కర్లేదు. కొత్త, పొడి గాజు పరీక్షనాళికలో 2 మి.లీ. రక్తం తీసుకుని, కదపకుండా 20 నిమిషాలు నిలబెట్టి, ఒక్కసారి వంచి చూడాలి. గడ్డకట్టకుండా నీళ్లలా పారితే విరుగుడు మందు మొదలుపెట్టాలి. పీహెచ్‌సీలో కూడా చేయగలిగే పరీక్ష ఇది. ఇందులో తప్పు జరిగే చోట్లు మూడు. ప్లాస్టిక్ గొట్టంలో మామూలు రక్తం కూడా సరిగా గడ్డకట్టదు, ఎందుకంటే గడ్డకట్టడాన్ని మొదలుపెట్టేది గాజు ఉపరితలమే. సబ్బు పొడితో కడిగి మళ్లీ వాడిన గాజు గొట్టం కూడా అలాగే మోసం చేస్తుంది. మూడోది, మధ్యలో ఎత్తి ఎత్తి ఊపి చూడటం. మొదటి పరీక్షలో గడ్డకట్టిందని పంపించేయకూడదు. మొదటి మూడు గంటలు అరగంటకోసారి, తర్వాత గంటకోసారి మళ్లీ చూడాలి. ఏ లక్షణం లేకపోయినా పాము కరిచిన మనిషిని 24 గంటలు ఉంచాల్సిందే.

విరుగుడు మందుకు సంబంధించి ఇంటివాళ్లకు కూడా తెలియాల్సిన లెక్క ఒకటుంది. మన దగ్గర దొరికేది ఆ నాలుగు పాములకూ కలిపి గుర్రాల రక్తం నుంచి తయారుచేసే ఒకే మందు. దానికి కావాల్సిన విషంలో ఎక్కువ భాగం తమిళనాడులో ఇరులర్ పాములవాళ్ల సహకార సంఘం నుంచి వస్తుంది, అది 1978లో ఏర్పడింది. ఒక వయల్ (చిన్న మందు సీసా) పొడిని 10 మి.లీ. నీళ్లలో కరిగిస్తారు. గట్టిగా ఊపితే నురగ వస్తుంది, మెల్లగా తిప్పాలి. ఒక మి.లీ. మందు రక్తపింజరి విషం 0.6 మిల్లీగ్రాములను, కట్లపాము విషం 0.45 మిల్లీగ్రాములను విరిచేస్తుంది. రక్తపింజరి ఒక్క కాటులో సగటున 63 మిల్లీగ్రాముల విషం దించుతుంది. 10 వయల్స్ అంటే 100 మి.లీ., అది విరిచేది 60 మిల్లీగ్రాములు. మొదటి మోతాదు 8 నుంచి 10 వయల్స్ అని పెట్టడానికి కారణం ఇదే. ఒకటో రెండో వయల్స్ పెట్టి ‘మందు వేశాం, పెద్దాసుపత్రికి వెళ్లండి’ అంటే దాదాపు మందు వేయనట్టే. పిల్లలకు కూడా ఇదే మోతాదు. పాము చిన్నపిల్లను చూసి తక్కువ విషం వదలదు. పిల్లలకు తగ్గించేది సెలైన్ నీళ్లను మాత్రమే.

మందు సెలైన్‌లో కలిపి గంటలో ఎక్కించాలి. కాటు చుట్టూ పొడవడం, కండకు వేయడం పనికిరావు. ముందుగా చర్మం కింద టెస్ట్ డోస్ వేయడం కూడా అక్కర్లేదు. అది ఎవరికి పడదో చెప్పలేదు, టైమ్ మాత్రం తింటుంది. రక్తం గడ్డకట్టని కేసుల్లో ఆరు గంటల తర్వాత మళ్లీ గాజు గొట్టం పరీక్ష చేస్తారు. కాలేయం గడ్డకట్టే పదార్థాలను మళ్లీ తయారుచేసుకోవడానికి సుమారు అంత సమయం పడుతుంది. నరాల విషమైతే 20 వయల్స్ దాటాక ఇంకా ఎక్కించడం వల్ల లాభం లేదు.

ఈ మందు గుర్రం ప్రొటీన్ కాబట్టి కొందరికి పడదు. ఎక్కిస్తుండగానే దురద, దద్దుర్లు, వణుకు, వాంతులు, ఆయాసం, బీపీ పడిపోవడం మొదలవుతాయి. అప్పుడు మందు ఆపి, తొడ బయటివైపు కండరంలో అడ్రినలిన్ 0.5 మిల్లీగ్రాములు ఇవ్వాలి. పిల్లలకు కిలోకు 0.01 మిల్లీగ్రాము. మనిషి తేరుకున్నాక మందు మళ్లీ మెల్లగా మొదలుపెట్టాలి. ‘పడలేదు’ అని పూర్తిగా ఆపేస్తే పాము విషం తన పని తాను చేసుకుపోతుంది. ఈ రియాక్షన్ భయంతోనే కొన్ని చిన్న ఆసుపత్రులు వయల్స్ ఫ్రిజ్‌లో ఉంచుకుని కూడా మనిషిని ముందుకు పంపేస్తున్నాయి. అడ్రినలిన్ నింపిన సిరంజి పక్కన పెట్టుకుంటే ఆ భయం అక్కర్లేదు.

ఈ మందు అందుకోలేని పాములూ ఉన్నాయి. ఉత్తరాంధ్ర తూర్పు కనుమల్లో ఉండే గిరినాగు విషం దీని తయారీలో లేదు. వలల్లో చిక్కే, తోక తెడ్డులా ఉండే సముద్రపు పాములదీ లేదు. సముద్రపు పాము కరిచిన మత్స్యకారుడికి ఒళ్లంతా కండరాల నొప్పులు, నల్లటి మూత్రం వస్తాయి. వాళ్లకు ఊపిరిని, మూత్రపిండాలను కాపాడే వైద్యమే ఆధారం.

ఇంటికి పంపాక కూడా కొన్ని గమనించాలి. రక్తపింజరి కాటు తర్వాత రోజుకు మూత్రం 400 మి.లీ. కంటే తగ్గితే డయాలసిస్ అవసరం పడవచ్చు. ఒక బాటిల్ పెట్టుకుని కొలవండి. వారం అటూఇటూగా జ్వరం, కీళ్ల నొప్పులు, దురద వస్తే అది విరుగుడు మందుకు ఒళ్లు ఆలస్యంగా ఎదురుతిరగడం, మాత్రలతో తగ్గుతుంది. నెలల తర్వాత నీరసం, ఆడవాళ్లకు నెలసరి ఆగడం, ఒంటి మీద వెంట్రుకలు రాలడం కనిపిస్తే పాము కరిచిన సంగతి డాక్టరుకు గుర్తుచేయండి. రక్తపింజరి విషం అరుదుగా మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథిని దెబ్బతీస్తుంది.

నేల మీద పడుకోక తప్పని ఇళ్లలో అన్నిటికంటే చవకైన రక్షణ దోమతెర. అంచులు చుట్టూ పరుపు లేదా చాప కిందికి మడిచి దోపాలి, ఊరికే వేలాడదీస్తే సరిపోదు.

తేనెటీగలు, ఎర్రతేలు

తేనెటీగ కుట్టినప్పుడు ముల్లు చర్మంలోనే ఉండి విషం పంపుతూ ఉంటుంది. గోటితో గీరి తీయాలా, పట్టి లాగాలా అని ఆలోచిస్తూ కూర్చోకండి, ఎలాగైనా సరే క్షణాల్లో తీసేయండి. ఒక్క కాటుకే మొహం వాచి, గొంతు పూడుకుపోయి, ఆయాసం వస్తే అడ్రినలిన్ తప్ప వేరే మందు ప్రాణం నిలపదు. అలర్జీ మాత్ర వేసుకుని ఎదురు చూడకండి. ఒకేసారి పదుల కొద్దీ కుడితే అలర్జీ లేకపోయినా మూత్రపిండాలు దెబ్బతినవచ్చు కాబట్టి ఆసుపత్రిలో ఉండాలి.

తేళ్లలో చూడగానే భయపెట్టేది మండ్రగబ్బ, నల్లగా, లావు డెక్కలతో ఉంటుంది. నొప్పి ఉన్నా అది ప్రాణం తీయడం అరుదు. సన్నని డెక్కలతో, రెండు మూడు అంగుళాల్లో ఉండే ఎర్రతేలు అసలు ప్రమాదం, పిల్లలకు మరీ ఎక్కువ. నొప్పి ఎక్కువగా ఉండి ఒళ్లు మామూలుగా ఉంటే అది మంచి గుర్తే. నొప్పి తక్కువే కానీ వాంతులు, బట్టలు తడిసేంత చెమట, చేతులు కాళ్లు చల్లబడటం, మగపిల్లలకు అంగం గట్టిపడి ఉండిపోవడం కనిపిస్తే విషం గుండె మీదికి వెళ్తోందని అర్థం. తర్వాత ఊపిరితిత్తుల్లో నీరు చేరి దగ్గులో గులాబీ రంగు నురగ వస్తుంది.

దీనికి దారి చూపింది మహారాష్ట్రలోని మహాడ్‌లో పల్లె జనానికి వైద్యం చేసిన డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్. బీపీ తగ్గించే ప్రాజోసిన్ అనే చవక మాత్ర, తేలు విషం బిగించిన రక్తనాళాలను వదులు చేస్తుందని 1980లలో చూపించారు. కిలో బరువుకు 30 మైక్రోగ్రాములు నోటి ద్వారా ఇస్తారు. చేతులు కాళ్లు వెచ్చబడే దాకా మూడు గంటలకోసారి మళ్లీ ఇస్తారు. షాపుల్లో ఎక్కువగా దొరికే, మెల్లగా కరిగే ఎక్స్‌ఎల్ రకం మాత్ర దీనికి పనికిరాదు, సగం విరిచి ఇచ్చినా పనికిరాదు. మామూలు మాత్రే కావాలి. నొప్పి ఒక్కటే ఉన్నవాళ్లకు ఈ మందు అక్కర్లేదు. వాళ్లకు కుట్టిన చోట మత్తు సూది, పారాసిటమాల్ చాలు. ప్రాజోసిన్ వేసిన పిల్లను మూడు గంటల పాటు లేపి కూర్చోబెట్టకూడదు, భుజాన వేసుకోకూడదు. నిటారుగా ఎత్తితే బీపీ ఒక్కసారి పడిపోయి సొమ్మసిల్లుతుంది. ఏడుస్తోందని తల్లి ఎత్తుకోబోతే, బిడ్డ పక్కనే తనూ పడుకుని ఒళ్లు నిమరమని చెప్పండి.